పిండి కలిపే చెయ్యి లేక

అమెరికా దక్షిణాది చిన్న ఊళ్లలో పొద్దుటి టిఫినుకి పేరు మోసిన హోటళ్లు రుచి తప్పుతున్నాయి. అక్కడివాళ్లు వంట మరిచిపోలేదు. ఆ వంట వెనకున్న కష్టానికి ఎవరూ ఎన్నడూ సరైన ధర కట్టలేదు.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఒక హోటలు నిలబడిందో దిగజారిందో తెలుసుకోవాలంటే వంటింట్లోకి తొంగిచూడక్కర్లేదు. పళ్లెంలోని బిస్కెట్ చూస్తే చాలు. మనం టీలో ముంచుకునేది కాదది. గోధుమపిండిలో కొవ్వు నలిపి, మజ్జిగ పోసి కలిపి, పొయ్యిలో పొంగించి కాల్చిన మెత్తటి రొట్టె. చేత్తో చేసినవైతే ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకటి పక్కకి ఒరిగి ఉంటుంది. ఇంకోదాని నెత్తిన పొడిపిండి అంటుకుని ఉంటుంది. అడుగున కొవ్వు మరిగి గోధుమరంగు మచ్చలు కట్టి ఉంటాయి. విరిస్తే పొరలుగా విడిపోయి, లోపల్నుంచి ఆవిరి పైకి వస్తుంది. అలా కాకుండా అన్నీ ఒకే ఎత్తున, ఒకే గుండ్రన, ఒకే పాలిపోయిన రంగులో వచ్చాయంటే ఫ్రీజర్లోని సంచి విప్పి ట్రేలో పేర్చినవన్నమాట. కాస్త చల్లారగానే గట్టిపడతాయి. నాలుక మీద సోడా చేదు మిగులుతుంది.

జార్జియాలో, అలబామాలో, కరొలినాల్లో నేను తిరిగిన ఊళ్లలో ఈ రెండో రకమే ఎక్కువగా ఎదురవుతోంది. అదీ, దూరాల నుంచి జనం బిస్కెట్ కోసమే వచ్చిన హోటళ్లలో.

అట్లాంటాకి నైరుతిగా, పాత రహదారి పక్కన ఉన్న ఒక హోటలు గురించి చెప్పాలి. పేరు రాయను. మా అక్కావాళ్లు అట్లాంటాలో స్థిరపడిన కొత్తలో, నేను వెళ్లినప్పుడల్లా శనివారం చీకటితోనే కారెక్కించి అక్కడికి తీసుకెళ్లేవారు. పొడవాటి కౌంటరు, దాని ముందు గుండ్రంగా తిరిగే స్టూళ్లు, కౌంటరు వెనక అందరికీ కనపడేలా పెద్ద ఇనప పెనం. కిటికీ పక్క బల్ల దగ్గర రిటైరైన రైతులు, పాత మిల్లు కార్మికులు కూర్చునేవారు. అది ఆ ఊరి రచ్చబండ. వానలు, ట్రాక్టర్లు, హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు, ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదన్న సంగతులు... కప్పులో కాఫీ అడుగంటకుండా పోస్తూ ఉండేవారు, మాటలు సాగుతూ ఉండేవి. మా అక్క వెన్న కరిగిన గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ మీద సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకునేది. పక్క స్టూలాయన అదేమిటని అడిగి, తనూ చిటికెడు వేయించుకునేవాడు.

బావగారు గుడ్డు వరకే తింటారు, మాంసం ముట్టరు. ఆ సంగతి తెలిశాక అక్కడ వడ్డించే పెద్దావిడ ఆయన్ని బిస్కెట్ తీసుకోనిచ్చేది కాదు. అందులో పందికొవ్వు వేస్తాం నాయనా అని ముందే చెప్పేది. గుడ్లు వేయడానికి పెనంలో ఒక మూల తుడిపించి, వెన్న వేయించేది. లోపల ఎవరు ఏం కలుపుతున్నారో, ఏ గిన్నెలో ఏముందో ఆవిడకి కళ్లముందే జరిగేది కాబట్టి చెప్పగలిగేది. ఈమధ్య మళ్లీ వెళ్తే, ఇదే ప్రశ్నకి కొత్తగా చేరిన అమ్మాయి లోపలికి వెళ్లి అట్టపెట్టె మీద అచ్చేసిన పదార్థాల జాబితా చదువుకుని వచ్చింది. ఆ అమ్మాయిలో లోపమేం లేదు, ఎంతో మర్యాదగా చెప్పింది. కానీ ఆ హోటల్లో ఏం పోయిందో నాకు బిస్కెట్ కొరకముందే తెలిసిపోయింది.

బిస్కెట్ తర్వాత గ్రిట్స్ వచ్చాయి. జావ జారినట్టు ఉండి, మధ్యమధ్య ఉండలు. మొక్కజొన్న వాసన లేదు. గ్రేవీ మరీ నున్నగా, బూడిద తెలుపులో ఉంది. పెనం మీద ముద్దలా పడిన గుడ్లు డబ్బాలోంచి పోసినవి. జామ్ ప్లాస్టిక్ పొట్లాల్లో. కాఫీ మాత్రం పూర్వంలాగే పల్చగా, వేడిగా ఉంది. కిటికీ పక్క బల్ల దగ్గర ముగ్గురు మిగిలారు.

పిండి సంగతి

ఈ టిఫినులో దేన్నీ గొప్ప వంటకమనలేం. పిండి, కొవ్వు, మజ్జిగ, మొక్కజొన్న, ఉప్పు, గుడ్డు, కాసింత పందిమాంసం. అలాంటి వంటలో దాచుకోవడానికి చోటుండదు. పదార్థం మారినా, చెయ్యి మారినా వెంటనే బయటపడుతుంది.

పిండి దగ్గర మొదలుపెడదాం. ఉత్తరాన డకోటాల వైపు పండే గట్టి గోధుమలో ప్రొటీన్ ఎక్కువ. ఈస్టు వేసి పొంగించే రొట్టెలకి అది కావాలి. దక్షిణాదిలో చలికాలంలో పెరిగే మెత్తటి ఎర్ర గోధుమలో ప్రొటీన్ తక్కువ. దాని పిండి అంతగా సాగదు, బిస్కెట్ గుల్లగా విరుగుతుంది. టెనసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో 1883లో మొదలైన వైట్ లిలీ మిల్లు ఈ పిండికి పేరుపడింది. అమ్మమ్మల నుంచి మనవరాళ్ల దాకా ఆ సంచి తప్ప ఇంకోటి ముట్టని ఇళ్లు ఉన్నాయి. 2006లో ఆ బ్రాండు స్మకర్ కంపెనీ చేతికి వెళ్లింది. 2008లో నాక్స్‌విల్ మిల్లు మూసేసి, పిండి మరపట్టే పని మధ్యపశ్చిమ రాష్ట్రాలకి తరలించారు. పిండిలో తేడా రాదని కంపెనీ అంది. వచ్చిందని ఎంతోమంది వంటవాళ్లు అన్నారు. ఎవరి మాట నిజమన్నది పక్కనపెడితే, 125 ఏళ్ల మిల్లు మూతపడితే ఒక ప్రాంతమంతా బిస్కెట్ గురించి దిగులు పడిందన్నది మాత్రం నిజం. 2018లో ఆ బ్రాండు మళ్లీ చేతులు మారింది.

మంచి పిండి దొరికినా పని తెలియాలి. కొవ్వు చల్లగా ఉండాలి, వేళ్ల కొసలతో నలపాలి, అరచేతి వేడి తగలకూడదు. మజ్జిగ పోశాక నాలుగుసార్లు మడిచి వదిలేయాలి. చపాతీ పిండిలా పిసికితే రాయవుతుంది. కోసే గిన్నెని పిండి మీద నిట్టనిలువునా దించి తీయాలి. తిప్పితే అంచులు మూసుకుపోయి బిస్కెట్ పైకి లేవదు. పొయ్యి బాగా వేడెక్కి ఉండాలి. వాన రోజుల్లో మజ్జిగ కొంచెం తగ్గించాలి. ఎంత తగ్గించాలో పుస్తకంలో ఉండదు, పిండిని ముట్టుకున్న వేళ్లు చెప్పాలి. ఇదంతా నేర్చుకోవడానికి ఒక మనిషి పక్కన నెలల తరబడి నిలబడాలి. ఆరింటికి తలుపు తీసే హోటల్లో ఆ మనిషి నాలుగింటికల్లా వంటింట్లో దీపం వేయాలి.

గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ. ఐరోపావాళ్లు రాకముందే ఆగ్నేయ ప్రాంతపు ఆదివాసీలు తిన్న తిండి. జార్జియా రాష్ట్రం 2002లో దాన్ని తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. రాతి తిరగలిలో విసిరిన రవ్వలో గింజ లోపలి మొలక కూడా ఉంటుంది. రుచీ వాసనా అందులోనివే. ఆ మొలకలో నూనె ఉంటుంది కాబట్టి బయట పెడితే ముక్కిపోతుంది, చల్లగా దాచుకోవాలి. అందుకే పెద్ద మిల్లులు మొలక తీసేసి మరపట్టడం మొదలుపెట్టాయి. అప్పుడు నెలల తరబడి నిలవుంటుంది, రుచి మాత్రం ఉండదు. రాతి తిరగలి రవ్వ ఉడకడానికి దాదాపు గంట పడుతుంది, అంతసేపూ గరిటె ఆడుతూనే ఉండాలి. త్వరగా ఉడికే రకానికి ఐదు నిమిషాలు చాలు. పొట్లాల్లో వచ్చేదానికి వేడినీళ్లు పోస్తే సరి. వంటింట్లో ఒక్క మనిషి ఉంటే ఏది ఎంచుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

గ్రేవీకీ అంతే. సాసేజ్ వేగిన పెనంలో మిగిలిన కొవ్వులో పిండి వేయించి, పాలు పోసి, మిరియాలు దంచి వేస్తే అయ్యే పదార్థమది. పేదిళ్లలో మాంసం చాలనప్పుడు ఆ వాసననే అందరికీ పంచడానికి పుట్టింది. పొడి కలిపి చేసే గ్రేవీకి మాంసంతో సంబంధం ఉండదు. పెనం గీకాల్సిన పనీ ఉండదు.

ఉప్పూ పంచదారా పట్టించి నెలల తరబడి ఆరబెట్టిన కంట్రీ హ్యామ్, ఆ హ్యామ్ వేగిన జిడ్డులో నల్ల కాఫీ పోసి చేసే రెడ్ ఐ గ్రేవీ ఇప్పుడు చాలా మెనూల్లో లేవు. వాటి స్థానంలో ఉప్పునీళ్లు ఎక్కించిన మెత్తటి హ్యామ్ వచ్చింది. బిస్కెట్ మీద పోసుకునే జొన్న పానకం పోయి మొక్కజొన్న సిరప్ సీసా వచ్చింది. ఆ పానకం తీసే తీపి జొన్న మన పొలాల జొన్నకి సొంత చెల్లెలే, జాతి ఒక్కటే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దాని మీద ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. టెనసీ, కెంటకీ కొండల్లో ఇంకా కొన్ని కుటుంబాలు శరత్కాలంలో ఆ కాడలు గానుగాడి, రసం కాచి సీసాలకి ఎత్తుతున్నాయి.

ఆ చేతులు ఎవరివి

వెనకటి రుచి గురించి మాట్లాడేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. ఆ రుచి అంత చవగ్గా ఎలా దొరికిందో మాట్లాడేవాళ్లు తక్కువ. దక్షిణాది పొద్దుటి భోజనం బానిసత్వపు వంటింట్లో రూపు కట్టుకుంది. బేకింగ్ పౌడర్ రాకముందు బిస్కెట్ పిండిని గుల్లబారేదాకా అరగంటకి పైగా కర్రతో బాదేవారు. బాదింది బానిసలుగా ఉన్న నల్లజాతి స్త్రీలు, తిన్నది యజమానులు. బానిసత్వం పోయాక కూడా ఆ స్త్రీలూ వాళ్ల కూతుళ్లూ తెల్లవాళ్ల ఇళ్లలోనూ హోటళ్లలోనూ అదే పని చేశారు. వచ్చిన జీతం బతకడానికి చాలేది కాదు.

తాము వండిన టిఫిను ముందు కూర్చుని తినే హక్కు కూడా వాళ్లకి ఉండేది కాదు. బర్మింగ్‌హామ్‌లోని ఆలీస్ బార్బెక్యూ హోటల్లో పనివాళ్లు మూడింట రెండొంతులమంది నల్లజాతివాళ్లే. అదే జాతి గిరాకీలు మాత్రం పొట్లం కట్టించుకుని బయటికి పోవాల్సి వచ్చేది, లోపల కూర్చోనిచ్చేవారు కాదు. 1964 జూలైలో పౌరహక్కుల చట్టం వచ్చాక ఆ హోటలు యజమాని కోర్టుకెక్కాడు. డిసెంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఒక్కమాటగా ఆయన వాదన కొట్టేశారు. చిన్న హోటలైనా రాష్ట్రాల మధ్య వ్యాపారంలో భాగమే, చట్టం వర్తిస్తుందన్నారు. కౌంటరు ముందు స్టూలు అందరిదీ అయింది. కౌంటరు వెనక జీతం గురించి ఆ తీర్పు ఏమీ చెప్పలేదు.

వర్జీనియాలో విముక్తులైన బానిసలు కట్టుకున్న ఫ్రీటౌన్ అనే పల్లెలో 1916లో పుట్టిన ఎడ్నా లూయీస్ ఈ వంటని దాని అసలు యజమానుల పేరిట రాసిపెట్టింది. 1976లో వచ్చిన ఆమె పుస్తకం 'ది టేస్ట్ ఆఫ్ కంట్రీ కుకింగ్' రుతువుల ప్రకారం సాగుతుంది. ఏ నెలలో పొలంలో ఏముంటే పొద్దున్న పళ్లెంలో అదే. బజారు బేకింగ్ పౌడర్ నాలుక మీద లోహపు రుచి మిగులుస్తుందని ఆమె తన పౌడర్ తానే కలుపుకునేది. 2014లో అమెరికా తపాలా శాఖ ఆమె బొమ్మతో స్టాంపు వేసింది. ఆ గౌరవం దక్కేనాటికి ఆమె పోయి ఎనిమిదేళ్లయింది.

నేను చెప్పిన హోటల్లో కూడా బిస్కెట్లు చేసింది ఒక నల్లజాతి పెద్దావిడే. నాకు ఆమె ముఖం కన్నా మోచేతుల దాకా అంటిన పిండే గుర్తుంది. వంటింటి కిటికీలోంచి ట్రే బయటికి తోసేటప్పుడు కనపడేది అదే. మోకాళ్లు అరిగిపోయి మానేసిందని తర్వాత తెలిసింది. ఆమె పిల్లలెవరూ ఆ పనిలోకి రాలేదు. రాకపోవడం మంచిదయిందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. వాళ్లని ఆ చీకటి పొద్దుల్లోకి మళ్లీ పిలవడానికి ఎవరికీ నోరు రాకూడదు, ఆ పనికి తగ్గ జీతం చేతిలో పెట్టి పిలిస్తే తప్ప.

రెండు డాలర్ల పదమూడు సెంట్లు

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. 2009 నుంచి అది కదల్లేదు. టిప్పులు వచ్చే పనివాళ్లకి యజమాని ఇవ్వాల్సింది ఇంకా తక్కువ, 2.13 డాలర్లు. అది 1991 నుంచీ అంతే. మిగతాది టిప్పులతో పూడాలి. పూడకపోతే యజమాని కలపాలి. అలబామా, మిసిసిపి, లూసియానా, సౌత్ కరొలినా, టెనసీ రాష్ట్రాలకైతే సొంత కనీస వేతన చట్టమే లేదు. వడ్డించే అమ్మాయి బతుకు గిరాకీ దయ మీద, వంటామె బతుకు యజమాని దయ మీద నడిచే ఏర్పాటు ఇది.

ఒకప్పుడు ఊళ్లో వేరే పని లేక ఆ జీతానికే మనుషులు దొరికారు. ఇప్పుడు పరిస్థితి వేరు. ఒక పక్క పాత బట్టల మిల్లులు మూతపడ్డాయి. నార్త్ కరొలినాలో పిల్లోటెక్స్ కంపెనీ 2003 జూలై 30న మూతపడితే ఆ ఒక్క రాష్ట్రంలోనే 4 వేల మందికి పైగా ఒక్కరోజులో పని పోయింది. తెల్లవారుజామున షిఫ్టు దిగి ఆకలితో హోటలుకి వచ్చే జనం అలా తగ్గారు. ఇంకోపక్క స్పార్టన్‌బర్గ్ దగ్గర బీఎండబ్ల్యూ, అలబామాలో మెర్సిడెస్, హ్యుందయ్, జార్జియాలో కియా కార్ల కర్మాగారాలు పెట్టాయి. హైవేల పక్కన గిడ్డంగులు లేచాయి. అమెజాన్ 2018లో తన కనీస జీతం గంటకి 15 డాలర్లు చేసింది. నాలుగింటికి లేచి పిండి కలపగల ఓర్పున్న మనిషికి ఇప్పుడు అంతకన్నా మంచి జీతమిచ్చే చోట్లు ఉన్నాయి. మిల్లు పోయి గిరాకీ తగ్గింది, కార్ల కర్మాగారం వచ్చి వంటమనిషి తగ్గింది. హోటలు రెండువైపులా నష్టపోయింది.

పాత రహదారుల గతి అంతకుముందే మారింది. 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ రోడ్లు వేయడం మొదలయ్యాక బయటి ప్రయాణికులు ఊళ్లోకి రావడం మానేశారు. ఎగ్జిట్ దగ్గరే తిని వెళ్లిపోతున్నారు. హోటలుకి మిగిలింది ఊరి పింఛనుదార్లు. వాళ్ల చేతిలో డబ్బు తక్కువ. టిఫిను ధర అర డాలరు పెంచినా అలిగి రాని వాళ్లున్నారని నేను చెప్పిన హోటలు యజమానే వాపోయేవాడు. ధర పెంచలేడు, జీతం పెంచలేడు. అప్పుడే సరుకు లారీ తలుపు దగ్గర ఆగుతుంది. గడ్డకట్టిన బిస్కెట్లు, డబ్బా గుడ్లు, గ్రేవీ పొడి, తురిమి ఎండబెట్టిన బంగాళదుంప అన్నీ ఒకే బిల్లులో వస్తాయి. ఎవరూ నాలుగింటికి లేవక్కర్లేదు, ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

ఆపైన గుడ్ల కష్టం వచ్చిపడింది. 2022 ఫిబ్రవరి నుంచి బర్డ్ ఫ్లూతో కోట్ల కోళ్లని చంపేయాల్సి వచ్చింది. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకి చేరింది. దక్షిణాది అంతటా రాత్రీ పగలూ తెరిచి ఉండే వాఫిల్ హౌస్ అంతటి పెద్ద సంస్థే 2025 ఫిబ్రవరిలో గుడ్డుకి 50 సెంట్లు అదనంగా వేసింది. కొన్ని నెలలకి తీసేసింది. పెద్ద సంస్థ కాబట్టి ఊరకే బోర్డు పెట్టి వసూలు చేయగలిగింది. చిన్న ఊరి హోటలు మాత్రం గుడ్డు సైజు తగ్గించి ఊరుకుంది.

ఈ లెక్కలన్నీ విన్నాక హోటలు యజమాని మీద కోపం పోతుంది. నాకూ పోయింది. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. చేత్తో బిస్కెట్ చేయడం నిజంగా గిట్టుబాటు కాదా?

గిట్టుబాటవుతుందని చూపించింది ఎవరో కాదు, గొలుసు హోటళ్లు. నార్త్ కరొలినాలోని షార్లెట్‌లో 1977లో మొదలైన బోజాంగిల్స్ ఇప్పటికీ తన శాఖల్లో పిండి అక్కడికక్కడే చేత్తో కలిపి, 20 నిమిషాలకోసారి కొత్త ట్రే కాలుస్తుంది. అందుకోసం మనుషులకి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తుంది. అదే రాష్ట్రంలోని బిస్కెట్‌విల్ తన బిస్కెట్లు చేసే బల్లని గిరాకీలకి కనపడేలా పెట్టి, మధ్యాహ్నం రెండింటికల్లా తలుపులు వేసేస్తుంది. వాళ్లు చేసింది ఒక్కటే. పిండి కలిపే మనిషి గంటలని మొదట్నుంచీ ఖర్చు కింద రాసుకున్నారు. నేర్పడానికి పట్టే కాలాన్నీ రాసుకున్నారు. చిన్న ఊరి హోటలు ఆ గంటలని ఎప్పుడూ ఖాతాలో రాయలేదు. పెద్దావిడ ఎలాగూ వస్తుంది, ఎలాగూ చేస్తుంది అనుకుంది. ఆమె రాని రోజున ఖాతాలో ఆ పనికి చోటే లేదు. ఇంటి వంటకి ప్రతినిధినని చెప్పుకున్న హోటలు సంచి విప్పుతుంటే, యంత్రమని అందరూ తిట్టిన గొలుసు హోటలు పిండి కలుపుతోంది. ఇది నన్ను చాలా బాధపెట్టింది.

నాష్‌విల్ శివార్లలోని లవ్‌లెస్ కేఫ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1951లో లాన్, ఆనీ లవ్‌లెస్ దంపతులు రోడ్డు పక్క మోటెల్‌తో పాటు పెట్టిన హోటలది. ఆనీ బిస్కెట్లతో పేరొచ్చింది. యజమానులు మారినా ఆ పని నిలిచింది. కారణం కెరోల్ ఫే ఎల్లిసన్ అనే నల్లజాతి మహిళ. ఏళ్లకేళ్లు ఆ బిస్కెట్లు చేసిన ఆమెని హోటలు వెనక దాచలేదు. 'బిస్కెట్ లేడీ' అన్న పేరుతో ముందుకు తెచ్చింది, ఆమె టీవీ కార్యక్రమాల్లో కనిపించింది. 2010లో ఆమె పోయినా బిస్కెట్లు ఆగలేదు. మనిషిని గుర్తించిన చోట పని ఇంకొకరికి అందుతుంది.

రుచి మళ్లీ పుడుతున్న చోట్లూ ఉన్నాయి. గ్లెన్ రాబర్ట్స్ 1998లో సౌత్ కరొలినాలో మొదలుపెట్టిన ఆన్సన్ మిల్స్ పాత మొక్కజొన్న రకాలని వెతికి తెచ్చి, రాతి మీద విసిరి అమ్ముతోంది. టెనసీలోని మాడిసన్‌విల్‌లో ఆలన్ బెంటన్ 1973 నుంచి పాత పద్ధతిలో హ్యామ్ ఆరబెడుతున్నాడు. మిసిసిపిలోని ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ కరెన్స్ 2008లో పెట్టిన బిగ్ బ్యాడ్ బ్రేక్‌ఫస్ట్ పొద్దుటి టిఫినుకే అంకితమైన హోటలు. అదే ఊళ్లోని విశ్వవిద్యాలయంలో 1999 నుంచీ పనిచేస్తున్న సదరన్ ఫుడ్‌వేస్ అలయన్స్ వంటవాళ్ల, వడ్డించేవాళ్ల జీవితకథలని వాళ్ల గొంతులతోనే రికార్డు చేసి దాస్తోంది. సంతోషమే. కానీ ఆ గ్రిట్స్, ఆ హ్యామ్ ఎక్కువగా వెళ్లేది అట్లాంటా, చార్ల్‌స్టన్ నగరాల్లోని ఖరీదైన బల్లల మీదికి. కిటికీ పక్క కూర్చునే రిటైరైన మిల్లు కార్మికుడు వాటిని ముట్టలేడు. మొదట్లో అది అతని తిండే.

కిటికీ పక్క బల్ల దగ్గర మిగిలిన ఆ ముగ్గురూ ఇంకా వస్తున్నారెందుకని నేను అక్కని అడిగాను. రుచి కోసం కాదు, ఇంకెక్కడికి పోతారంది. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు, భార్య పోయినవాళ్లు, పిల్లలు దూరాన ఉన్నవాళ్లు. ఒకరు రెండ్రోజులు రాకపోతే మిగతావాళ్లు ఇంటికి వెళ్లి తలుపు కొడతారు. బిస్కెట్ ఎంత చెడినా ఆ బల్ల ఖాళీ కాకపోవడానికి కారణం అదే. తినే మనుషులకి ఇంకేదీ లేదని తెలిసినప్పుడు రుచి తగ్గించడం సులువవుతుంది. అది ఆ మనుషులకి జరుగుతున్న అన్యాయం.

మన పిల్లలు అట్లాంటాలో, షార్లెట్‌లో, నాష్‌విల్‌లో, డాలస్‌లో వేలాదిగా ఉన్నారు. వేసవిలో తల్లిదండ్రులు వెళ్తారు, స్మోకీ కొండలకో సముద్రానికో కార్లో బయల్దేరతారు. దారిలో ఇలాంటి హోటలు కనపడితే దాటిపోకండి. లోపలికి వెళ్లి, బిస్కెట్లు ఇక్కడే చేస్తారా అని అడగండి. అక్కడ అది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. చేసేవాళ్లయితే గర్వంగా చెప్తారు, చేయనివాళ్లు కూడా అబద్ధమాడరు. ఇక్కడ చేయడం లేదంటే గుడ్లు, టోస్టు తీసుకోండి. శాకాహారులైతే గ్రేవీలో సాసేజ్ ఉంటుందని, బిస్కెట్లో పందికొవ్వు ఉండొచ్చని, బంగాళదుంపని బేకన్ వేగిన పెనం మీదే కాలుస్తారని గుర్తుంచుకోండి. ఉడికిన చిక్కుడులో కూడా హ్యామ్ ముక్క ఉండొచ్చు. గ్రిట్స్ నీళ్లతో ఉడికించినవో కాదో అడిగి తీసుకోండి.

ఇక్కడే చేస్తామంటే కొత్త ట్రే వచ్చేదాకా ఆగండి. బిల్లు మీద వదిలే టిప్పు చాలాచోట్ల వడ్డించినవాళ్లకే వెళ్తుంది. 2018లో మార్చిన కేంద్ర చట్టం వంటింట్లోవాళ్లకి కూడా టిప్పు పంచడానికి దారి తెరిచింది కానీ, వడ్డించేవాళ్లకి పూర్తి కనీస వేతనం ఇచ్చే యజమానులకే ఆ వీలుంది. 2.13 డాలర్ల జీతం మీద నడిచే హోటల్లో పిండి కలిపిన మనిషికి అందులోంచి వాటా రాదు. తిన్నాక ఆమె పేరు కనుక్కుని, వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి, ఐదు డాలర్ల నోటు ఆమె చేతికే ఇవ్వండి.